వ్యాపార ప్రకటనలు – మర్యాద

తన సరకు గుణములను జెప్పుకొనుట వర్తకుని హక్కు. దానికి మేము ప్రతికూలురము కాము. కాని యొకరిని హీనపఱచి తన సరకును హెచ్చించుకొనుట మర్యాద కాదు. లాభమును కాదని మా యభిప్రాయము.

2021వ సంవత్సరము నవంబరులో మన రాష్ట్రమున జరిగిన సంగతి పలువు రెఱుగుదురు. మోటారుసైకిలు సవారీలు నడుపు రాపిడో కంపెనీ ప్రకటనలో, ప్రసిద్ధ నటులు అల్లు అర్జున్ గారు దోసెలు వేయువాని వేషమున నుండి, ఆర్టీసీ బస్సు ఆలస్యమనియు, ఆ కంపెనీ బండి శీఘ్రమనియు బలికిరి. నాటి ఆర్టీసీ నిర్వాహకులు సజ్జనార్ గారు ఆ నటునకును, కంపెనీకిని నోటీసులు పంపిరి. డిసెంబరులో హైదరాబాదు సివిల్ కోర్టు ఆ ప్రకటనను నిలుపుమని యాజ్ఞాపించెను.

కోర్టు సంగతి యట్లుండనిండు. ఆ పరిహాసము తగిలినది బస్సునకు గాదు, బస్సెక్కు వారికి. ఇంద్రవెల్లి, నార్నూరు పల్లెల పిల్లలు బడికిని, రోగులు ఆసుపత్రికిని, రైతులు సంతకును బోవునది ఆ బస్సులోనే గదా! 1932లో నిజాం ప్రభుత్వము 27 బస్సులతో నారంభించిన సేవ యిది. దానిని నమ్మి బ్రదుకువారిని నవ్వులపాలు చేసిన కంపెనీ, తనకు రేపు గిరాకీ కాదగినవారినే దూరము చేసికొనుచున్నది.

ఇట్టివి మఱి రెండు గలవు. 2020 మే నెలలో కెంట్ కంపెనీ పిండి కలుపు యంత్రము నమ్ముటకై, పనిమనిషి చేతులకు రోగ ముండవచ్చునని ప్రకటించెను. 2023 జూనులో జొమాటో కంపెనీ, 'లగాన్' చిత్రమున అంటరానివాడుగా గనబడు కచరా పాత్రను చెత్తతో జేసిన దీపముగను, పీటగను జూపెను. ప్రజలు నిందింపగా రెండు కంపెనీలును సొమ్ము పోసి తీయించిన ప్రకటనలను దామే తీసివేసెను.

హాస్యము లేనిచో ప్రకటనను జూచువా రెవరని కొందఱందురు. హాస్యము వేఱు, అవహేళన వేఱు. తన్ను జూచి తాను నవ్వుకొను వర్తకునితో జనులును నవ్వుదురు. పేదవానిని జూపి నవ్వించువానిని మనసున నుంచుకొందురు. సంతలో నొక దుకాణదారుడు వెక్కిరించినచో మనవారు జగడమాడరు. మాటాడక ప్రక్క దుకాణమునకు బోవుదురు, మరల రారు. పెద్ద కంపెనీకిని ఇదియే వర్తించును. ఏండ్ల తరబడి కూడిన నమ్మకము ఒక్క మాటతో జాఱిపోవును.

విద్యార్థులారా! మీలో గొందఱు రేపు దుకాణములు పెట్టుదురు, కొందఱు ప్రకటనలు వ్రాయుదురు. వ్రాసినదానిని ఆ పనిమనిషి యెదుట, ఆ బస్సు ప్రయాణికుని యెదుట తల యెత్తి చదువగలమా యని ముందుగా బ్రశ్నించుకొనుడు. చదువలేనిచో కాగితమును చింపివేయుడు.