హెచ్‌ఐవీ వేరు, ఎయిడ్స్ వేరు

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ అనే రెండు మాటలను ఒకే అర్థంలో వాడడం మనకు అలవాటైపోయింది. హెచ్‌ఐవీ ఒక వైరస్. చికిత్స అందనప్పుడు కొన్నేళ్ల తరువాత అది తెచ్చిపెట్టే ముదిరిన దశ ఎయిడ్స్. ఈ రెంటి నడుమ ఉన్న కాలమే రోగి ప్రాణాన్ని నిలిపే కాలం. భయంతో, సిగ్గుతో దానిని జారవిడుచుకోవడమే నేటి అసలు సమస్య అని నా అభిప్రాయం.

మన తెల్ల రక్తకణాలలో సీడీ4 కణాలు ఒక రకం. రోగక్రిములు ప్రవేశించినప్పుడు ఇతర రక్షక కణాలను పురికొల్పేవి ఇవే. హెచ్‌ఐవీ వీటినే పట్టుకుంటుంది. లోపలికి చొరబడి, తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, కణంలోని జన్యుపదార్థంలో కలిపివేస్తుంది. అప్పటినుండి ఆ కణం కొత్త వైరస్‌లను ఉత్పత్తి చేస్తూ చివరకు నశిస్తుంది.

సోకిన కొన్ని వారాలకు చాలామందిలో జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు కనిపించి వాటంతటవే తగ్గిపోతాయి. తరువాత ఏళ్ల తరబడి ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. అయినా సీడీ4 కణాలు తరుగుతూనే ఉంటాయి. ఇతరులకు వైరస్ సోకే ప్రమాదమూ ఉంటుంది. ఆరోగ్యవంతులలో ఘనపు మిల్లీమీటరు రక్తానికి సుమారు 500 నుండి 1500 వరకు ఉండే ఈ కణాలు 200 కంటే తగ్గినా, బలహీనతను అదనుగా తీసుకుని కొన్ని తీవ్రమైన వ్యాధులు తలెత్తినా ఆ దశను ఎయిడ్స్ అంటాము. మన దేశంలో అటువంటి రోగులను ఎక్కువగా బలిగొనేది క్షయ. చికిత్స లేకుంటే ఈ దశకు చేరడానికి సాధారణంగా 8 నుండి 10 ఏళ్లు పడుతుంది.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందం మన దేశంలో తొలిసారి ఈ వైరస్‌ను గుర్తించిన నాటికి దీనికి మందు లేదు. 2004 నుండి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇస్తోంది. 2017 నుండి సీడీ4 సంఖ్యతో నిమిత్తం లేకుండా, నిర్ధారణ కాగానే చికిత్స ఆరంభిస్తున్నారు. ఇవి వైరస్‌ను పూర్తిగా తొలగించలేవు, జీవితాంతం వాడాలి. కానీ క్రమం తప్పక వాడితే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. ఆ స్థితి నిలకడగా ఉన్నవారినుండి లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు సోకదు.

ఇంత వెసులుబాటు ఉన్నా, క్షయతో మంచాన పడ్డాకే పరీక్షకు వచ్చేవారు నేటికీ ఉన్నారు. కారణం మందుల కొరత కాదు, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకు. గర్భిణికి ఈ పరీక్ష చేయిస్తున్నాము. భర్త కూడా అదే రోజున చేయించుకుంటే తప్పేమిటి? మధుమేహానికి, రక్తపోటుకు లేని సంకోచం దీనికెందుకు?

ప్రభుత్వాసుపత్రులలోని పరీక్షా కేంద్రాలలో ఈ పరీక్ష ఉచితం. ఫలితం గోప్యంగా ఉంచుతారు. ఇటీవలే సోకి ఉండవచ్చన్న అనుమానముంటే, మొదటిసారి లేదని వచ్చినా మూడు నెలల తరువాత మరొకసారి చేయించుకోవాలి.