చెప్పీ చెప్పకుండా

ట్రైలరు అంటే వెంట వచ్చేది. తొలిరోజులలో దానిని సినిమా ముగిశాక చూపేవారు. నేడది ముందే వచ్చి, తరచుగా కథంతా చెప్పేస్తోంది! అది నాకు నచ్చదు.

తెలుగు, తమిళ భాషలు రెండింటిలోను తీసిన 'బాహుబలి' మొదటి భాగం 2015లో వచ్చింది. కట్టప్పే బాహుబలిని చంపాడని చెప్పి ముగిసింది. ఎందుకు చంపాడు? 2017 మార్చిలో వచ్చిన రెండవ భాగం ట్రైలరు వారిద్దరినీ చూపింది గాని, ఆ జవాబును దాచింది. ప్రేక్షకులు మరింత ఆత్రంగా ఎదురుచూశారు.

కంబైనల్లూరు పిల్లలైన మీరు మన జిల్లాలోని హొగెనకల్‌పై చిన్న చిత్రం తీశారనుకోండి. ట్రైలరులో జలపాతాన్ని చూపకండి. చిత్రంలో లేని మొసలినీ చూపకండి, అది మోసం. మొదట చీకటి తెర, నీటి హోరు. తరువాత పుట్టి నడిపేవాని చేతులు, తెడ్డు. తడిసిన ఒక పిల్లవాడు తలెత్తి దేనినో చూస్తాడు. అక్కడ ఆపండి.