నేల నాడి చూశాకే బోరు

అపోలో యాత్రికులు 1969-72 మధ్య చంద్రునిపై కంపనాలను కొలిచే పరికరాలు ఉంచి వచ్చారు. ఆ నేల అడుగున ఏ పొరలున్నాయో వాటివల్ల తవ్వకుండానే తెలిసింది. 2023లో మన చంద్రయాన్-3 కూడా అటువంటి పరికరాన్ని తీసుకుపోయింది. చంద్రుని కడుపులోని సంగతి చెప్పగల ఈ భూభౌతిక శాస్త్రం మన చేల అడుగునూ చూడగలదు. అయినా చాలామంది రైతులు ఇంకా అరచేతిలో కొబ్బరికాయ లేచిన చోటే బోరు వేస్తున్నారు.

అనంతపురం మొదలు నల్గొండ దాకా మెట్ట ప్రాంతాల్లో అడుగున ఉన్నది చాలావరకు గట్టి రాయి. నీరుండేది పైనున్న మెత్తబడిన పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే. పగులు తప్పితే ఎంత లోతుకు పోయినా వచ్చేది దుమ్మే. ఒక చేలో నీరు పడి, పక్క చేలో పడకపోవడం అందుకే.

సర్వేలో నాలుగు మేకులు వరసగా పాతి భూమిలోకి కరెంటు పంపుతారు. పొడి రాయి దాన్ని అడ్డుకుంటుంది, తడి పొర పోనిస్తుంది. మేకుల దూరం పెంచేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. బంకమట్టి కూడా కరెంటును పోనిస్తుంది గనుక లెక్క చూసేవారికి అనుభవం ఉండాలి. ఈ సర్వే కూడా ఒక్కోసారి తప్పవచ్చు. కాని కొబ్బరికాయకు ఆ మాత్రం ఆధారం కూడా లేదు.

జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లోనే హైదరాబాదులో ఏర్పడింది. ఆ విద్య పల్లెకు చేరాలి. అప్పు తెచ్చి వేసిన బోరు ఎండితే సంసారమే ఎండిపోతుంది. చిన్న రైతు అడిగిన వెంటనే సర్వే జరిగేలా భూగర్భ జల శాఖ అధికారులు చూడాలి. రైతులు కూడా బోరు బండికి బయానా ఇచ్చే ముందే సర్వే కోరాలి.