ఖాళీ ఖజానాలో వాటాల మాయ: లయన్స్ రేంజ్ పాఠం డీఫైకి పట్టదా?

కోల్‌కతా: కృత్రిమంగా పెంచిన షేర్ల ధరను నమ్మి అప్పులిస్తే ఏమవుతుందో 2001 మార్చిలో కోల్‌కతాలోని లయన్స్ రేంజ్ చూసింది. కేతన్ పరేఖ్‌తో ముడిపడిన షేర్ల ధరలు కుప్పకూలడంతో కొందరు బ్రోకర్లు వరుసగా మూడు సెటిల్‌మెంట్లలో చెల్లింపులు చేయలేకపోయారు. 1908లో ఏర్పడిన కలకత్తా స్టాక్ ఎక్స్ఛేంజీ ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. 2013 ఏప్రిల్‌లో అక్కడ ట్రేడింగ్‌ను సెబీ నిలిపివేసింది. అదే తరహా బలహీనత ఇప్పుడు వికేంద్రీకృత ఆర్థిక వ్యవస్థ, అంటే డీఫైలో, కంప్యూటర్ కోడ్ రూపంలో పునరావృతమవుతోంది.

దాడి జరిగే తీరు

డీఫైలో ‘వాల్ట్’ ఉమ్మడి ఖజానా వంటిది. సొమ్ము జమ చేసినవారికి దామాషా ప్రకారం వాటాలు లభిస్తాయి. ఈ లెక్కలో భిన్నాలు ఉండవు. మిగులును కోడ్ కిందికి కుదిస్తుంది. దాడికి ఆధారం ఇదే.

ఖజానా ఖాళీగా ఉన్నప్పుడు దుండగుడు ఒక్క పైసా జమ చేసి ఒక వాటా పొందాడనుకుందాం. మరొకరు లక్ష రూపాయలు జమ చేయబోతున్నట్లు గమనించి, అంతకుముందే తన లక్ష రూపాయలను వాటాలు తీసుకోకుండా నేరుగా ఖజానాలోకి పంపుతాడు. దాంతో ఒక్క వాటా విలువ లక్ష రూపాయల ఒక పైసాకు చేరుతుంది. తర్వాత లక్ష జమ చేసినవారికి రావాల్సింది ఒకటి కంటే స్వల్పంగా తక్కువ వాటా. కోడ్ దాన్ని సున్నాగా లెక్కిస్తుంది. ఉన్న ఏకైక వాటా దుండగుడిదే కనుక రెండు లక్షలూ అతని వశమవుతాయి.

అప్పులిచ్చే వేదికల్లో నష్టం మరింత తీవ్రం. ఉబ్బించిన వాటాను తాకట్టు పెట్టి ఇతర ఖజానాల్లోని సొమ్మునూ తోడేయవచ్చు. 2023 ఏప్రిల్‌లో హండ్రెడ్ ఫైనాన్స్ ఇలా సుమారు 70 లక్షల డాలర్లు కోల్పోయింది. లోపం బహిరంగంగా తెలిసిన ఏడాది తర్వాత, 2024 మేలో, సోన్ ఫైనాన్స్ దాదాపు 2 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. 2025 జూన్‌లో రీసప్లై వేదిక నుంచి సుమారు 95 లక్షల డాలర్లు తరలిపోయాయి. మూడు చోట్లా దాడికి గురైనవి ఖాళీగానో, దాదాపు ఖాళీగానో ఉన్న ఖజానాలే.

పన్ను ఉంది, రక్షణ లేదు

శారదా కుంభకోణం తర్వాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం విచారణ కమిషన్‌ను, 500 కోట్ల రూపాయల సహాయ నిధిని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో అగ్రిగోల్డ్ చిన్న డిపాజిటర్లకు ప్రభుత్వమే కొంత చెల్లించింది. డీఫై బాధితులు తలుపు తట్టడానికి కార్యాలయమే ఉండదు.

భారత్‌లో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై నుంచి లావాదేవీలపై 1 శాతం టీడీఎస్ అమల్లో ఉన్నాయి. ఈ ఆస్తుల బదిలీలో వచ్చిన నష్టాన్ని ఇతర ఆదాయంతో సర్దుబాటు చేసుకునే వీలు లేదు. 2023 మార్చిలో క్రిప్టో సేవా సంస్థలను మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. అయితే నిర్వాహకుడెవరో తెలియని కోడ్‌కు ఈ నిబంధనలను వర్తింపజేయడం సులభం కాదు.

నివారణ తెలిసినదే

పరిష్కారం కష్టమేమీ కాదు. ఖజానాను తెరిచేటప్పుడే నిర్వాహకులు కొంత సొమ్ము జమ చేసి ఆ వాటాలను శాశ్వతంగా స్తంభింపజేయవచ్చు. లెక్కలో ఊహాత్మక వాటాలను చేర్చే పద్ధతిని ఓపెన్‌జెప్పెలిన్ తన ప్రామాణిక కోడ్‌లో 2023లోనే ప్రవేశపెట్టింది. కనీసం ఇన్ని వాటాలు రాకపోతే జమ రద్దయ్యేలా మదుపరి షరతు పెట్టుకోవచ్చు. నేరుగా వచ్చిపడిన సొమ్మును వాటా ధరలో కలపకుండా వేరుగా లెక్కించవచ్చు.

లయన్స్ రేంజ్‌లో ధరను ప్రశ్నించాల్సిన బాధ్యత బ్రోకర్లకు, ఎక్స్ఛేంజీకి, సెబీకి ఉండేది. డీఫైలో ఆ ముగ్గురి స్థానంలో ఉన్నది కొన్ని వరుసల కోడ్ మాత్రమే. కొత్తగా తెరిచిన ఖజానా ఎంత రాబడి ఇస్తుందనే దానికంటే, అందులో తొలి వాటా ఎవరిదన్నదే మదుపరి ముందుగా అడగాల్సిన ప్రశ్న.