తెరపైని సైగలు, ఇంట్లోని మాటలు

టీవీలో ఒక సన్నివేశం చూసేటప్పుడు మనం పాత్రల మాటలు మాత్రమే వినము. వారి కళ్ళను, కనుబొమలను, కంఠస్వరాన్ని కూడా చదువుతాము. ఎవరు అబద్ధమాడుతున్నారో, ఎవరు ఎగతాళి చేస్తున్నారో అలాగే గ్రహిస్తాము. ఆటిజం ఉన్న అనేకమందికి ఈ చదువు దానంతటదిగా అబ్బదు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన అమీ క్లిన్, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని స్పష్టం చేసింది. ఆటిజం ఉన్న 15 మందికి, లేని 15 మందికి 1966 నాటి ఒక చలనచిత్రంలోని సన్నివేశాలు చూపి, వారి చూపు ఎక్కడ నిలుస్తున్నదో పరికరంతో నమోదు చేశారు. ఆటిజం లేనివారు ప్రధానంగా పాత్రల కళ్ళను చూశారు. ఉన్నవారి చూపు నోటిపై, శరీరంపై, గదిలోని వస్తువులపై ఎక్కువగా నిలిచింది. ఒక పాత్ర గోడమీది చిత్రాన్ని వేలితో చూపి ప్రశ్న అడిగినప్పుడు, ఆటిజం లేని ప్రేక్షకుడి చూపు వేలి వెంటే వెళ్ళింది. ఆటిజం ఉన్న ప్రేక్షకుడు ప్రశ్న విన్న తరువాతనే చిత్రం కోసం వెదికాడు. అర్థం మాటలో ఉన్నప్పుడు అతనికి అందింది, సైగలో ఉన్నప్పుడు జారిపోయింది. ఇది తెలివితక్కువతనం కాదు.

ప్రకటనలు పనిచేసేది ఇటువంటి సైగలతోనే. తల్లి చిరునవ్వును, పరుగెత్తే పిల్లలను, పాలగ్లాసును చూపి 'ఇది తాగితే బలం' అంటారు. సరుకు అమ్మడమే తమ ఉద్దేశమని మాత్రం చెప్పరు. మాటను మాటగానే స్వీకరించే పిల్లవాడు దానిని నిజమైన సలహాగా భావించవచ్చు. 'పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుంది' అనే వాట్సాప్ సందేశం అతనికి ఆజ్ఞగా తోచవచ్చు. ఫోనులో పొగిడే అపరిచితుడు ప్రాణస్నేహితుడిగా కనిపించవచ్చు.

అయితే ఆటిజం ఉన్నవారందరూ సులభంగా మోసపోతారని అనుకోరాదు. ఒకే లెక్కను లాభంగా చెప్పినా, నష్టంగా చెప్పినా వారి నిర్ణయం ఇతరులదంతగా మారలేదని 2008లో లండన్ పరిశోధకులు గమనించారు. అంటే ఉద్దేశాన్ని విప్పి చెబితే వారు చక్కగా తూచగలరు. ఆ విప్పి చెప్పే పని ఇంటివారిది.

పిల్లవాడితో కలిసి చూడండి. 'దీనిని ఎవరు తయారుచేశారు? మన నుంచి ఏమి కోరుతున్నారు? చెప్పకుండా వదిలినది ఏమిటి?' అని ప్రతిసారీ అవే మాటలతో అడగండి. సీరియల్‌లో ఎత్తిపొడుపు వస్తే, 'నోటితో మెచ్చుకుంటున్నది, మనసులో కోపం ఉన్నది' అని వివరించండి. డబ్బు, ఫోటో, చిరునామా ఎవరు అడిగినా ముందుగా అమ్మీకి గానీ అబ్బాకు గానీ చూపాలనే నియమాన్ని కాగితంపై వ్రాసి గోడకు అంటించండి.

పెద్దలూ మారవలసి ఉన్నది. స్వయంగా ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో ఒక సంగతి గుర్తుచేశారు: అపార్థం రెండు వైపులా ఉంటుంది, ఆటిజం లేనివారు కూడా ఆటిజం ఉన్నవారిని సరిగా చదవలేరు. దావత్‌లో నానీకి కళ్ళు దించుకుని సలాం చెప్పిన పిల్లవాడు అగౌరవం చూపినట్లు కాదు. కన్నెర్ర చేసి ఊరుకుంటే తప్పేమిటో అతనికి తెలియదు. 'ఖాలా మాట్లాడుతున్నారు, ఆమె ముగించాక నీవు చెప్పు' అంటే తెలుస్తుంది. ఆ ఒక్క వాక్యం చెప్పకుండానే పిల్లవాడిని మొండివాడని శిక్షించడం అన్యాయం.