తోపులో చెట్లకు పేర్లు పెట్టకండి

మన బంధువుల ఇళ్ళలో ఈమధ్య బోన్సాయ్ పెంచేవాళ్ళు ఎక్కువయ్యారు. అందులోనూ ఒకే పళ్ళెంలో ఏడో తొమ్మిదో మొక్కలు నాటి, చిన్న అడవిలా కనిపించేట్టు పెంచే పద్ధతి చాలామందికి నచ్చుతోంది. జపాన్ వాళ్ళు దీన్ని యోసె-ఉయె అంటారు. మేము ఇంట్లో 'పళ్ళెం తోపు' అంటాం. దాంతోపాటే ఇంకో అలవాటు కూడా వచ్చింది, మొక్కకొక పేరు పెట్టడం. ఇది తాత, ఇది అవ్వ, ఇది పెద్దనాయన, ఇది పరదేశంలో ఉన్న మనవరాలు అని. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మా అభిప్రాయం సూటిగా చెబుతాం: తోపు తప్పకుండా పెంచండి, పేర్లు మాత్రం పెట్టకండి. పేరు పెట్టిన చెట్టు మీదికి కత్తెర పోదు. కత్తెర పడని తోపు కొన్నేళ్ళకు తోపుగా మిగలదు.

మాకు ఈ విషయంలో ఇంత పట్టింపు ఎందుకో ముందు చెప్పాలి. మా ముత్తాత మదనపల్లె వైపు నుంచి కోలారు బంగారు గనుల్లో పనికి వచ్చాడు. అక్కడే ఇల్లు, ఇంటి వెనక కొంచెం నేల, ఆ నేలలో చింతచెట్లు. 2001లో గనులు మూతపడ్డాక మావాళ్ళు ఒక్కొక్కరే బెంగళూరుకీ, హోసూరుకీ, పుణేకీ వెళ్ళిపోయారు. తర్వాత ఇల్లు అమ్ముడుపోయింది, చెట్లూ పోయాయి. చివరిసారి రాలిన కాయల గింజలు మా అవ్వ ఒక డబ్బాలో దాచింది. ఇప్పుడు మా మేడమీద ఉన్న పళ్ళెం తోపు ఆ గింజల్లోంచి వచ్చిందే. పంపకాలన్నీ అయిపోయాక మా అందరికీ ఉమ్మడిగా మిగిలింది అదొక్కటే. అందుకే అది బాగుండాలని మా తపన.

మొక్కలు నాటే రోజున పేర్ల మాట మా ఇంట్లోనూ వచ్చింది. తొమ్మిది మొక్కలు, తొమ్మిదిమంది మనవలూ మనవరాళ్ళూ. లెక్క భలే కుదిరింది అని పిల్లలు సంబరపడ్డారు. అవ్వ ఒప్పుకోలేదు. "పేరు పెట్టుకుంటే రేపు దాని మెడ మీద కత్తెర పెడతావా అమ్మీ?" అంది. ఆమెకు బోన్సాయ్ గురించి తెలీదు. తోట పని తెలుసు. అది చాలింది.

ఒంటి చెట్టు బోన్సాయ్‌కీ, తోపుకీ ఉన్న తేడా ఇక్కడే. ఒంటి చెట్టయితే ప్రతి కొమ్మకూ దానిదైన అందం ఉండాలి. తోపులో ఏ చెట్టూ విడిగా చూస్తే అందంగా ఉండనక్కర్లేదు. ఒక పక్క కొమ్మలే లేనిదీ, సన్నగా పైకి సాగినదీ, కొంచెం వంకరపోయినదీ, ఇవన్నీ తోపులో పనికొస్తాయి. నర్సరీలో ఎవరూ కొనని మొక్కకు కూడా తోపులో ఒక చోటు దొరుకుతుంది. కాబట్టి నేర్చుకునేవాళ్ళు ఒంటి చెట్టుతో కాకుండా తోపుతోనే మొదలుపెట్టడం మేలని మేమంటాం. ఖర్చు తక్కువ, చేతికి పని ఎక్కువ.

దీనికి చలిదేశపు జునిపర్లు తెచ్చి ఎండలో మాడ్చుకోవద్దు. చింత ఉంది, మర్రి ఉంది, జువ్వి ఉంది. చింతగింజలు ఒక రాత్రి నానబెట్టి నాటితే వస్తాయి. ఆకు సన్నం, మాను త్వరగానే ముదురు రంగుకు తిరుగుతుంది, కోతకు తట్టుకుంటుంది. ఒకటే జాగ్రత్త: అన్ని గింజలూ ఒకే ఏడాది నాటకండి. రెండు మూడేళ్ళు వరసగా నాటండి, ఒకటి రెండు మొక్కల్ని నేలలో వదిలి లావెక్కనివ్వండి. అప్పుడే లావూ సన్నమూ పెద్దా చిన్నా అన్నీ దొరుకుతాయి. అన్నీ ఒకే లావుంటే అది తోపు కాదు, దడి అవుతుంది.

నాటడానికి మా బెంగళూరు గాలికి శివరాత్రికీ ఉగాదికీ మధ్య రోజులు బాగుంటాయి, కొత్త చిగురు తీసే ముందు. రెండంగుళాల లోతు, వెడల్పాటి పళ్ళెం, అడుగున నీళ్ళు దిగే రంధ్రాలు, వాటి మీద జాలీ. మట్టికి ఇటుకముక్కల పొడి, ముతక ఇసుక, కొంచెం మాగిన ఎరువు. మొక్కలు నిలబడటానికి రంధ్రాల్లోంచి తీగ తెచ్చి వేళ్ళను కట్టాలి. అన్నిటికన్నా లావూ ఎత్తూ ఉన్న చెట్టును ముందు నిలపాలి, అయితే సరిగ్గా నడిమధ్య కాదు, పళ్ళెం పొడవులో మూడో వంతు దగ్గర. రెండోది దాని పక్కన, మూడోది కాస్త దూరంగా. ముందు నుంచి చూసినా పక్క నుంచి చూసినా మూడు మానులు ఒకే గీతలో రాకూడదు. ఒకదాని వెనక ఇంకొకటి దాక్కోకూడదు. ఎడాలు సమానంగా ఉండకూడదు. సన్నవాటిని వెనక్కి పెడితే అడవి లోతుగా కనిపిస్తుంది. తొమ్మిది వరకూ బేసి సంఖ్యలో నాటడం ఆనవాయితీ. అది దాటితే కన్ను లెక్కపెట్టడం మానేస్తుంది.

ఇక్కడ ఒకమాట గమనించండి. ఎవరు ఎక్కడ నిలబడాలో మాను లావు చెబుతుంది, వయసూ వరసా కాదు. పేర్లు పెట్టామా, పెద్దకొడుకు చెట్టు అంచులో ఎందుకుంది, చిన్నకోడలి చెట్టు వెనక్కి ఎందుకు పోయింది అన్న మాటలు మొదలవుతాయి. మా దగ్గరి బంధువుల ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. మధ్యలో ఉన్న పెద్ద చెట్టుకు ఇంటి పెద్దాయన పేరు పెట్టారు. దాని తల పెరిగి పెరిగి చుట్టూ ఉన్న చిన్న చెట్లకు ఎండ లేకుండా చేసింది. ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజులవి. ఆ చెట్టు తల తుంచడానికి ఎవరికీ చేయి రాలేదు. ఆయన కోలుకుని ఇంటికి వచ్చారు. అప్పటికి వెనకున్న మూడు మొక్కలు ఎండిపోయాయి. వాటికి పిల్లల పేర్లున్నాయి. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ సరిగా అన్నం తినలేదు.

తోపులో కత్తెర పని అంతా వెలుతురు గురించే. చెట్టు బలం తలలోకి పోతుంది, కింది కొమ్మకు చివర్న మిగిలిందే దక్కుతుంది. అందుకని పైన ఎక్కువ తుంచాలి, కింద తక్కువ. పెద్ద చెట్టును ముందు పలచన చేయాలి, చిన్నవాటిని ఆఖర్న ముట్టుకోవాలి. తోపు లోపలి వైపుకు పెరిగే కింది కొమ్మల్ని మొదట్లోనే తీసేయాలి. అంచులో ఉన్న చెట్లకు బయటివైపు కొమ్మల్ని ఉంచాలి, కిందిదాకా. ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఉన్న రెండు కొమ్మల్లో ఒకటి పోవాలి. పక్కచెట్టు మానుకు అడ్డంగా వచ్చే రెమ్మ పోవాలి. చింత చిగురు ఏడెనిమిది ఆకులు వేశాక రెండు మూడు ఉంచి తుంచాలి. నెలకోసారి పళ్ళెం తిప్పాలి, లేకపోతే ఒక పక్కే గుబురవుతుంది. చివరికి తలలన్నీ కలిసి ఒకే చెట్టు గొడుగులా, ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క దిగుతూ కనిపించాలి. ఈ పనుల్లో ఏ ఒక్కటీ ఒక్క చెట్టు మేలు చూసి చేసేది కాదు. ఏ చెట్టునైనా కోయగలిగే చెయ్యి ఉన్నప్పుడే తోపు నిలుస్తుంది.

వంపు తిప్పడం కూడా అంతే. అంచు చెట్లు కొంచెం బయటికి వాలితే సహజంగా ఉంటుంది, వెలుతురు అటే కాబట్టి. దానికి అల్యూమినియం తీగ చాలు, ఏటవాలుగా చుట్టాలి. మొక్కై వంగనిది మానై వంగునా అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం, లేతగా ఉన్నప్పుడే చేయాలి. అయితే వానల్లో మాను ఉబ్బి తీగ బెరడులోకి దిగుతుంది. ఆ గీత చాలా ఏళ్ళు పోదు. వారానికోసారి చూసి, బిగుసుకోకముందే ముక్కలుగా కత్తిరించి తీసేయండి.

ఇదంతా పుస్తకాల్లో చదివితే తలకెక్కదు. నిజమైన తోపు చూడాలి. బెంగళూరు వైపు ఉన్నవాళ్ళు దేవనహళ్ళి దగ్గరి నల్లూరు చింతతోపుకు పిల్లల్ని తీసుకెళ్ళండి. కన్నడంలో హుణసె తోపు అంటారు. 50 ఎకరాలకు పైబడిన నేల, సుమారు 300 చెట్లు. 2007లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, దేశంలో అదే మొదటిది. మాను ఎలా డొల్లపడుతుందో, వాలిన కొమ్మ మళ్ళీ ఎలా చిగురిస్తుందో అక్కడ తెలుస్తుంది. ఒడిశా, యానాం వైపు ఉన్నవాళ్ళకు సముద్రం ఒడ్డు సరుగుడు తోటలున్నాయి. తోట మధ్యలోకి వెళ్ళి తలెత్తి చూడండి, కింద కొమ్మలు లేవు. అంచుకు రండి, కిందిదాకా ఉన్నాయి. మనం కత్తెరతో చేసేది వెలుతురు అక్కడ తనంతట తానే చేసింది.

మామాట వినగానే కొందరు గోషిన్ పేరు ఎత్తుతారు. న్యాయమైన ప్రశ్నే. గోషిన్ ప్రపంచంలో అందరికీ తెలిసిన బోన్సాయ్ తోపు, అమెరికాలో స్థిరపడిన జపాన్ కుటుంబంలో పుట్టిన జాన్ నాకా చేసింది. 1948లో మొదలుపెట్టాడు, 1984లో వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ మ్యూజియంకు ఇచ్చేశాడు. అందులో 11 జునిపర్ చెట్లు, ఆయన 11 మంది మనవలకు గుర్తుగా. మరి ఆయన పెట్టుకోలేదా అంటారు. పెట్టుకున్నాడు. కానీ అక్కడ కత్తెర ఒక్కరి చేతిలో ఉంది, ఆ చేతికి మొహమాటం లేదు. నీళ్ళు సరిగా దిగక కొన్ని చెట్లు చచ్చిపోతే వాటి చోట వేరేవి నాటి తోపును నిలబెట్టాడు. అంటే మనవలకు గుర్తు ఆ లెక్క, ఆ తోపు. ఫలానా చెట్టు ఫలానా మనవడు అని పట్టుకుని కూర్చుంటే ఆ తోపు ఈనాటికి ఉండేది కాదు. తొమ్మిదిమందికి తొమ్మిది చెట్లని మీరూ లెక్క పెట్టుకోండి, మేము కాదనం. ఏది ఎవరిదో మాత్రం చెప్పకండి.

ఇంకో మాట పెద్దవాళ్ళ నుంచి వస్తుంది. పెరిగే చెట్టును మరుగుజ్జు చేయడం పాపం, ఇంట్లో పెట్టుకోకూడదు అని. దీన్ని మేము తీసిపారేయం. తిండి పెట్టకుండా, వేరు కుళ్ళేలా, అలంకారానికి బల్లమీద ఉంచి చంపేవాళ్ళున్నారు, అది పాపమే. కానీ కోత పాపం కాదు. శిడ్లఘట్టలో మల్బరీ కోయకుండా ఎవరైనా పట్టు పండించారా? చిక్కబళ్ళాపురంలో ద్రాక్ష తీగను కత్తిరించకుండా గెల చూశారా? పైన కోసినంత కింద వేరూ కోసి, కొత్త మట్టి వేసి, ఎండా నీరూ ఇస్తే పళ్ళెంలో చింత తరాలు బతుకుతుంది. మా అవ్వకు ఉన్న అభ్యంతరం వేరే, చింతచెట్టు కింద రాత్రి పడుకోకూడదని. మూరెడు చెట్టు కింద ఎవరు పడుకుంటారవ్వా అంటే నవ్వి ఊరుకుంది.

అన్నిటికన్నా పెద్ద సంగతి వేళ్ళది. నాలుగైదేళ్ళకు పళ్ళెంలో వేళ్ళన్నీ అల్లుకుని ఒకే చాపలా అయిపోతాయి. అప్పుడు మట్టి మార్చాలంటే తోపు మొత్తాన్ని ఒకేసారి ఎత్తాలి. ఒక్క చెట్టును పెరికి "ఇది నా వాటా" అని తీసుకుపోవడం కుదరదు. లాగితే పక్క చెట్ల వేళ్ళు కూడా తెగుతాయి. పేర్లున్న తోపులో ఏదో ఒకరోజు ఆ అడగడం వస్తుంది. పుణేకి మారుతున్నాం, మా చెట్టు మాకిచ్చేయండి అని. పేర్లు లేకపోతే అడగడానికి ఏమీ ఉండదు.

మేము పాటించే పద్ధతి ఇది, మీకు పనికొస్తే తీసుకోండి. పళ్ళెం రోజూ నీళ్ళు పోయగలిగేవాళ్ళ ఇంట్లో ఉంటుంది, అది పెద్దకొడుకు ఇల్లే కానక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు, ఉగాది ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, రాగలిగినవాళ్ళంతా వస్తారు. చిన్నపిల్లలు ముందు పది నిమిషాలు ఊరికే చూసి ఏ కొమ్మ పోవాలో చెబుతారు, ఎందుకో కూడా చెప్పాలి. నా ఇష్టం అంటే కుదరదు, దేనికి అడ్డమో చూపించాలి. పెద్దవాళ్ళు ఒప్పుకుంటేనే కత్తెర. మా పిల్లలకు రాని తెలుగు మాటలు, రెమ్మ, కణుపు, బెరడు, చిగురు, మోడు, ఈ పనిలోనే వచ్చాయి. బడిలో కన్నడం, ఇంగ్లీషు. ఇంట్లో ఈ మాటలకు అవసరమే పడేది కాదు. చేతికి పని దొరికాక నోటికి మాట వచ్చింది.

మన ఊరూ, మన నేలా దూరమైన కుటుంబాలకు ఏదో ఒకటి గుర్తుగా పట్టుకోవాలని ఉంటుంది. అది తప్పు కాదు. పట్టుకునేది తోపును, అందులో ఒక చెట్టును కాదు. ఈ ఏడు మీరు కూడా నాటండి. మీ ఊరి చెట్టు గింజలు దొరికితే మరీ మంచిది. నాటాక పేర్ల చీటీలు తయారుగా ఉంటే వాటిని పక్కన పెట్టి, కత్తెరకు పదును పెట్టించండి.