పచ్చిపాల పంచాయితీ

మా ఆఫీసు క్యాంటీన్లో ఈమధ్య కొత్త గొడవ మొదలైంది. ఫారం నుంచి గాజుసీసాలో వచ్చే పచ్చిపాలు గొప్పవా, ప్యాకెట్ పాలు గొప్పవా అని. పాశ్చరైజ్ చేస్తే పాలలో సారమంతా పోతుందట!

అయ్యా, పాశ్చరైజేషన్ అంటే 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు. సీసా పాలు కొనే మావాడింట్లో అవే పాలు పొంగొచ్చేదాకా కాస్తారు, సాయంత్రం మళ్ళీ కాస్తారు. ఇంక పచ్చివెక్కడున్నాయి? అసలిది అమెరికా వాళ్ళ తగువు. అక్కడ కాచకుండా చల్లగా తాగుతారు. పచ్చిపాలు రాష్ట్రం దాటించి అమ్మకూడదని 1987లో రూలు కూడా పెట్టారు. మన దగ్గర క్షయ, బ్రూసెల్లా క్రిములు పొయ్యి మీదే చస్తాయి. (కాచకుండా తాగే మహానుభావులుంటే వాళ్ళకో దణ్ణం.)

కాస్తే పోనివి వేరే ఉన్నాయి. 2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు దేశమంతా 6,432 శాంపిళ్ళు తీస్తే, హాని చేసే కల్తీ దొరికింది 12 శాంపిళ్ళలోనే. అఫ్లటాక్సిన్ మాత్రం 368 శాంపిళ్ళలో, యాంటీబయాటిక్స్ 77 శాంపిళ్ళలో పరిమితి దాటాయి. బూజు పట్టిన చెక్క, దాణా తిన్న గేదె పాలలోకి అఫ్లటాక్సిన్ వస్తుంది. అది పాశ్చరైజేషన్‌కీ పోదు, మన స్టవ్వుకీ పోదు. మన భాషలో గార్బేజ్ ఇన్, గార్బేజ్ ఔట్ అన్నమాట.

పోనీ రైతుని తిడదామా? రెండు గేదెలున్నవాడికి పాలకేంద్రంలో డబ్బులిచ్చేది వెన్న శాతం చూసి. చెక్క తడవకుండా దాచినందుకో, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయించాక కొన్నాళ్ళు పాలు పారబోసినందుకో ఎవరూ పైసా ఎక్కువివ్వరు. సీసాకి రెట్టింపు ధర పెట్టేవాళ్ళైనా దాణా ఏం పెడుతున్నారు, టెస్ట్ రిపోర్టేదీ అని అడగాలి కదా. మావాడు ఇంకా అడగలేదు. సీసా మీద ఆవుబొమ్మ బావుందట.